మారుమూల దీవిలో పిల్లల సాహస ఫాంటసీ నవల: పటం గీయడం నుంచి తుది ప్రతి దాకా

దీవి మీద నడిచే పిల్లల నవలలు చాలావరకు ఒకే చోట కుంటుపడతాయి. కొబ్బరిచెట్లు, తెల్లని ఇసుక, ఒక గుహ, ఒక నిధి అన్నీ ఉంటాయి. కానీ దీవి మాత్రం నాటకంలో వెనక కట్టిన తెరగుడ్డలా కదలకుండా ఉండిపోతుంది. దాన్ని పీకేసి కథను కొండమీదకో అడవిలోకో మార్చినా ఏమీ తేడా రాదు. అలాంటి నవలను పదేళ్ల పిల్లలు సగంలోనే పక్కన పెడతారు.

దీనికి మందు ఒక్కటే. ముందు దీవిని కట్టండి, ఆ తర్వాతే కథ. పోటు ఎప్పుడు వస్తుంది, తాగునీరు ఎక్కడ ఉంది, చీకటి ఎంత త్వరగా పడుతుంది, నీడ ఎటు పోతుంది అనేవి తేల్చుకుంటే సగం మలుపులు వాటంతట అవే పుడతాయి. మాయాజాలం కూడా ఈ లెక్కలకు లోబడే నడవాలి. కింద చెప్పేవన్నీ ఒక ఊహా నవలకు అన్వయించి చూపిస్తాం. పన్నెండేళ్ల అమూల్య, ఆమె తమ్ముడు ఎనిమిదేళ్ల కిట్టు, పక్కింటి పదకొండేళ్ల రఫీ ఒక దీవిలో ఎనిమిది రోజులు చిక్కుకుంటారు. అక్కడ నీడలమ్మ అనే ఆవిడ అడిగిన వరమల్లా ఇస్తుంది, బదులుగా నీడను కొంచెం కొంచెంగా కోసుకుంటుంది. నీడ పూర్తిగా పోయినవాళ్లు దీవి దాటలేరు.

1. వయసు, నిడివి

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకు రాస్తుంటే తెలుగులో 25 వేల నుంచి 35 వేల పదాలు సరిపోతాయి. ఇంగ్లిష్ నవలల పదసంఖ్య చూసి కొలత పెట్టుకోవద్దు. మన పదంలో విభక్తి, క్రియ, సంధి అన్నీ కలిసిపోతాయి కాబట్టి అదే కథ తక్కువ పదాల్లో ఇమిడిపోతుంది. 1,200 పదాల అధ్యాయాలు 24 రాస్తే 28,800 పదాలు అవుతాయి. ఒక్కో అధ్యాయం పైకి చదివితే పది పన్నెండు నిమిషాలు పడుతుంది. పడుకోబోయే ముందు ఒకటి చదివి ఆపడానికి అది చక్కని కొలత.

2. దీవి ఏ రకమో తేల్చుకోండి

ఇక్కడ తొందరపడితే తర్వాత అన్నీ దిద్దుకోవలసి వస్తుంది. ఉష్ణమండలపు మారుమూల దీవులు స్థూలంగా మూడు రకాలు.

అగ్నిపర్వతపు ఎత్తు దీవిలో కొండ, లోయ, వాగు, నల్ల ఇసుక, లావా పారి మిగిల్చిన సొరంగాలు ఉంటాయి. గాలి కొట్టే వైపు వాన ఎక్కువ, అడవి దట్టం. వెనక వైపు పొడిగా, గడ్డితో ఉంటుంది. అంటే ఒకే దీవిలో మీకు రెండు లోకాలు దొరుకుతాయి.

పగడపు వలయ దీవి దీనికి పూర్తిగా భిన్నం. నేల సముద్రమట్టానికి రెండు మూడు మీటర్లకు మించి లేవదు. కొండ లేదు, వాగు లేదు, గుహ అసలే లేదు. అగ్నిపర్వతం మెల్లగా కుంగిపోతుంటే దాని అంచున పగడాలు పైకి పెరుగుతూ పోగా మిగిలిన ఉంగరమే ఈ దీవి అని 1842లో డార్విన్ వివరించాడు. నడుమ మడుగు, చుట్టూ ఇసుక దిబ్బలు. నిధి గుహ రాయాలనుకున్నవాళ్లు ఈ రకాన్ని ఎంచుకుంటే మొదటి పేజీలోనే చిక్కు. కానీ దాక్కోవడానికి చోటే లేని కథ, తుఫాను కథ, నీటి అడుగు లోకం కథ అయితే దీన్ని మించింది లేదు.

మూడోది సున్నపురాయి దీవి. పాత పగడపు నేల పైకి లేచి ఏర్పడుతుంది. నేల నిండా గుహలు, బిలాలు. వాన నీరు రాతిలోకి ఇంకిపోతుంది కాబట్టి పైన వాగులు దాదాపు ఉండవు. చీకటి మాయకు ఇది బంగారు గని.

మొదటి నవలకు అగ్నిపర్వతపు దీవే మేలు, వైవిధ్యం ఎక్కువ. నీడలమ్మ దీవిని కూడా అలాగే తీసుకుందాం: 3 కిలోమీటర్ల పొడవు, 2 కిలోమీటర్ల వెడల్పు, 180 మీటర్ల కొండ, ఒక వాగు, చుట్టూ పగడపు దిబ్బ. ఇంకో మంచి సంగతి: వాగు సముద్రంలో కలిసే చోట మంచినీరు, బురద చేరడం వల్ల పగడం సరిగా పెరగదు. అందుకే పగడపు దిబ్బలో సందు చాలాసార్లు వాగు ఎదురుగానే ఉంటుంది. పడవ లోపలికి రాగల దారి అదే. పిల్లలు వాగును కనిపెడితే బయటపడే దారిని కూడా కనిపెట్టినట్టే. ఈ సంగతి వాళ్లకు మూడో రోజు దాకా తట్టకూడదు.

దీవి మునగడం, లేవడం కథకు కావాలంటే భయపడకండి, నిజ ప్రపంచమే మీకు వత్తాసు పలుకుతుంది. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వత దీవి పేలి చాలా భాగం సముద్రంలో కలిసింది. 1927లో అదే చోట కొత్త కొండ నీళ్లలోంచి తల ఎత్తడం మొదలుపెట్టింది. పసిఫిక్ సముద్రపు టోంగాలో 2015లో పుట్టిన దీవి 2022 జనవరి పేలుడుతో మాయమైంది.

3. పటం గీయండి, నడక లెక్కించండి

గళ్ల కాగితం మీద ఒక గడి 100 మీటర్లు అనుకుని గీయండి. అందంగా ఉండాల్సిన పనిలేదు. ఉత్తరం ఎటో, గాలి ఎటునుంచో ముందు బాణం గుర్తులు వేయండి. తర్వాత కొండ, వాగు, సందు, ఇసుక తీరం, మడ అడవి, రాతి అంచు, గుహ, నీడలమ్మ ఉండే చోటు గుర్తించండి. చివరగా పిల్లల బస. అది తాగునీటికి దగ్గరగా, పోటు గీతకు పైన ఉండాలి. ఆ గీత ఎక్కడో ఇసుక మీద ఎండిన నాచు వరస చెబుతుంది.

నడక వేగాలు ఇలా పెట్టుకోండి: గట్టి ఇసుక మీద గంటకు 3 కిలోమీటర్లు, రాళ్ల మీద, వేర్ల మీద ఒకటి, దారిలేని దట్టమైన అడవిలో అర కిలోమీటరు. చిత్తుప్రతుల్లో ఎక్కువగా కనిపించే తప్పు ఇక్కడే దొర్లుతుంది. పిల్లలు ఒకే సాయంత్రం కొండెక్కి, దిగి, అవతలి తీరంలో రాక్షసుణ్ణి చూసి, అన్నం వేళకు బసకు చేరిపోతారు. పైన చెప్పిన వేగంతో అడవిలో రెండు కిలోమీటర్లు దాటడానికే నాలుగు గంటలు పడుతుంది. ఈ ఆలస్యం అడ్డంకి కాదు, కానుక. చీకటి పడేలోగా తిరిగి రాలేకపోవడమే ఒక అధ్యాయం.

ఎంత దూరం కనిపిస్తుందో కూడా లెక్క ఉంది. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే దిగంతం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. తీరంలో నిలబడ్డ కిట్టుకు సుమారు 4 కిలోమీటర్లు. 180 మీటర్ల కొండమీద నిలబడ్డ అమూల్యకు దాదాపు 48. కాబట్టి ఓడ అడుగుభాగంతో సహా కొండమీద కనిపించి, దిగి తీరానికి వచ్చేసరికి తెరచాప కొస కూడా కనిపించకపోతే అది మాయ కాదు, భూమి గుండ్రదనం. కిట్టు దాన్ని మాయ అనుకుంటే మరీ మంచిది.

4. పోటు పట్టిక: నవలకు వెన్నెముక

చాలా తీరాల్లో రోజుకు రెండు పోట్లు (నీరు పైకి రావడం), రెండు ఆటులు (నీరు కిందికి దిగడం) వస్తాయి. ఒక ఆటుకూ తర్వాతి ఆటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు బాగా పైకి వచ్చి బాగా కిందికి పోతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గిపోతుంది. చాలాచోట్ల అసలు పెద్ద పోటు అమావాస్య వెళ్లిన ఒకటి రెండు రోజులకు వస్తుంది, నవలకు అంత పట్టింపు అక్కర్లేదు.

రచయితలు గమనించని సంగతి ఒకటుంది. ఒక చోట అమావాస్య నాటి ఆటు ఉదయం 6 గంటలకు వస్తే, అక్కడ ప్రతి అమావాస్యకూ, పౌర్ణమికీ ఆటు ఇంచుమించు ఆ వేళకే వస్తుంది. కాబట్టి బాగా లోతైన ఆటులోనే తెరుచుకునే గుహ ఉంటే, అది ఎప్పుడూ తెల్లవారుజామునో సాయంత్రమో తెరుచుకుంటుంది తప్ప మధ్యాహ్నం కాదు. మధ్యాహ్నపు ఆటు కావాలంటే అష్టమి దాకా ఆగాలి, అప్పుడేమో నీరు అంతగా తగ్గదు. ఈ ఇరకాటం మీకు ఊరికే దొరికిన ఉత్కంఠ.

మన దీవికి లెక్క వేద్దాం. కథ అమావాస్య నాడు మొదలవుతుంది. మొదటి రోజు ఆటు 6:00. నాలుగో రోజు 8:30. ఎనిమిదో రోజు 11:50. అమావాస్య నాడు ఆటుపోట్ల మధ్య నీటి ఎత్తు తేడా 1.6 మీటర్లు, అష్టమి నాడు 0.7 అని పెట్టుకోండి. గుహ నోటి దగ్గర సన్నని సొరంగం, దాని నేల సరిగ్గా అమావాస్య ఆటు మట్టంలో ఉంది, పైకప్పు నేలకు 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. మొదటి రోజు పిల్లలు పొడి నేల మీద పాకుతూ లోపలికి వెళ్తారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం అదే సొరంగంలో, అదీ ఆటు వేళలోనే, 45 సెంటీమీటర్ల నీరు ఉంటుంది. మిగిలిన 45 సెంటీమీటర్ల గాలిలో తల ఎత్తుకుని పాకాలి. కిట్టుకు నీళ్లంటే భయమని రెండో అధ్యాయంలో ఎందుకు చెప్పారో పాఠకులకు ఇప్పుడు తెలుస్తుంది.

నీరు ఒకే వేగంతో పెరగదు. ఆటు నుంచి పోటు దాకా ఆరు గంటలను ఆరు భాగాలు చేస్తే, మొత్తం తేడాలో వరసగా పన్నెండో వంతులు ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి చొప్పున నీరు చేరుతుంది. అమావాస్య నాడు మొదటి గంటలో 13 సెంటీమీటర్లు, రెండో గంటలో 27, మూడో గంటలో 40. మొదటి గంట పిల్లలు గమనించరు, రెండో గంట నవ్వుకుంటారు, మూడో గంట అయ్యేసరికి నీరు 80 సెంటీమీటర్లకు చేరి సొరంగం దాదాపు నిండిపోతుంది. ప్రమాదాన్ని ఏ క్రమంలో పెంచాలో ప్రకృతే చెబుతోంది, దాన్ని అలాగే అనుసరించండి.

ఒక హెచ్చరిక. నడిసంద్రపు దీవుల్లో ఈ తేడా చాలాచోట్ల మీటరు లోపే ఉంటుంది. పసిఫిక్ నడుమ ఉన్న తహితిలోనైతే మరీ తక్కువ, సుమారు అడుగు. పైగా అక్కడ పోటు చంద్రుణ్ణి కాక సూర్యుణ్ణి అనుసరించి రోజూ మధ్యాహ్నం, అర్ధరాత్రి ప్రాంతంలోనే వస్తుంది. 1.6 మీటర్లు కావాలంటే మీ దీవి ఖండానికి మరీ దూరం కాకుండా చూసుకోండి. పది మీటర్ల పోటు పెట్టి, దాన్ని నడిసంద్రపు మారుమూల దీవి అంటే నమ్మరు.

5. సూర్యుడు, చంద్రుడు, నీడ

భూమధ్యరేఖకు దగ్గర్లో ఏడాది పొడవునా పగలు ఇంచుమించు 12 గంటలు. సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు, అందుకే అస్తమించిన 20, 25 నిమిషాల్లో చీకటి. 'సంజ వెలుగులో గంటసేపు నడిచారు' అని రాస్తే అది వేరే అక్షాంశపు సాయంత్రం. అమావాస్య తర్వాతి సన్నని నెలవంక పడమట కనిపించి, సూర్యుడి వెనకే దిగిపోతుంది. అది అర్ధరాత్రి తూర్పున ఉదయించదు. అష్టమి చంద్రుడు మధ్యాహ్నం ఉదయించి అర్ధరాత్రికి అస్తమిస్తాడు. అంటే మన కథలో మొదటి రాత్రి చిమ్మచీకటి, ఏడో రాత్రి సగం రాత్రి వెన్నెల. రాత్రి సన్నివేశాలు ఈ వరసలోనే పేర్చుకోవాలి.

ఇక నీడ. కర్కట, మకర రేఖల మధ్య ఏ చోటైనా ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నాటిన కర్రకు ఆ మిట్టమధ్యాహ్నం నీడ ఉండదు. 10 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో అది ఏప్రిల్ మధ్యలోను, ఆగస్టు చివర్లోను వస్తుంది. మన దీవిని అక్కడ పెట్టి, ఎనిమిదో రోజును ఆ రోజుగా చేద్దాం. నవలలో సంవత్సరం చెప్పకండి, అప్పుడు తిథికీ తేదీకీ పొంతన కుదరలేదని ఎవరూ అనలేరు.

కిట్టు మొదటి రోజు రెండు మీటర్ల కర్ర నాటి రోజూ మధ్యాహ్నం నీడ కొసన గవ్వ పెడతాడు. మొదటి రోజు నీడ 9 సెంటీమీటర్లు, నాలుగో రోజు 5, ఏడో రోజు ఒకటి చిల్లర. గవ్వల వరస కర్ర వైపు నడుస్తోంది. పిల్లలు ముగింపును కనిపెట్టేది దీని ద్వారానే: నీడలే లేని క్షణంలో ఎవరి నీడ కోశారో, ఎవరిది కోయలేదో నీడలమ్మకు తెలియదు. ఇదీ బయటపడే ద్వారం. సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ కదులుతాడు. మీటరు కర్రకు నాలుగు నిమిషాల తర్వాత దాదాపు రెండు సెంటీమీటర్ల నీడ మొలిచేస్తుంది. కాబట్టి అవకాశం అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం ఎనిమిది నిమిషాలే.

నిజానికి ముందు రోజూ, మర్నాడూ నీడ ఎంత చిన్నదంటే మామూలు కంటికి లేనట్టే. చురుకైన పాఠకులు ఇది పట్టుకుంటారు. అందుకే నీడలమ్మ కన్ను మనుషుల కన్ను కంటే పదునని ముందే ఒక సన్నివేశంలో చూపించాలి. చీమ నీడను గుర్తుపట్టి పలకరించేలా రాస్తే చాలు.

6. నీళ్లు, తిండి, నిప్పు

ఈ వేడిలో ఒక్కొక్కరికి రోజుకు కనీసం రెండు లీటర్ల నీరు కావాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. చిరిగిన తెరచాప 2 మీటర్లు, 3 మీటర్లు ఉంటే 10 మిల్లీమీటర్ల వానకు 60 లీటర్లు, కారిపోయింది పోగా సగం మిగిలినా ముగ్గురికి ఐదు రోజులకు సరి. ఇలాంటి లెక్కలు పాత్రల చేత వేయించండి, పిల్లలకు ఇవి మహా ఇష్టం.

కొబ్బరికాయ పీచు కత్తి లేకుండా ఒలవాలంటే పదును చేసిన కర్రను నేలలో పాతి దాని మీద కాయను పొడిచి తిప్పాలి. చేత్తో పగలగొట్టి తాగేశారు అని రాయొద్దు. ముదురు కొబ్బరి ఎక్కువ తింటే కడుపు జారుతుంది, నవలకు ఒక నవ్వులాట.

నిప్పు దగ్గర ఒక ప్రసిద్ధమైన పొరపాటు ఉంది. దూరపు వస్తువులు కనిపించనివాళ్ల కళ్లద్దాలు ఎండను ఒకచోటికి చేర్చవు, చెదరగొడతాయి, వాటితో నిప్పు రాదు. దగ్గరివి చదవడానికి తాతలు పెట్టుకునే అద్దాలతో వీలు పడుతుంది. రాపిడితో నిప్పు పుట్టించడం తడిగాలి దీవిలో పెద్దవాళ్లకే కష్టం.

ప్రమాదాలకు రాక్షసులే అక్కర్లేదు. అందమైన శంకు నత్త గవ్వలో ప్రాణం ఉంటే దాని కాటు మనిషిని చంపగలదు. రాయిలా కనిపించే రాతిచేప ముల్లు కాలికి గుచ్చుకుంటుంది. ఇలాంటివి రాసినప్పుడు పాత్రల్లో ఒకరైనా ఆ గవ్వను ముట్టొద్దని చెప్పాలి. చదివిన పిల్లలు రేపు తీరానికి వెళ్తారు.

7. జంతువులు: ఎలా వచ్చాయో చెప్పండి

ఖండానికి ఎన్నడూ అతుక్కోని దీవుల్లో గబ్బిలాలు తప్ప నేలమీది క్షీరదాలు సాధారణంగా సొంతంగా ఉండవు. కప్పలు మరీ అరుదు, ఉప్పునీరు వాటికి పడదు. పులి, కోతి, ఏనుగు కనిపించాయంటే ఎవరో ఓడలో తెచ్చి ఉండాలి. ఈ 'ఎవరు?' అనే ప్రశ్న మీ రెండో రహస్యం. రఫీకి మూడో రోజు కోతి కనిపించడం, ఐదో రోజు దాని మెడలో పాత తాడు కనిపించడం, ఆ మధ్యలో ఎవరూ ఏమీ చెప్పకపోవడం.

కల్పిత జంతువులకు దీవి న్యాయం వాడుకోండి. దీవుల్లో తరచూ పెద్ద జంతువులు తరతరాలుగా చిన్నవవుతాయి, చిన్నవి పెద్దవవుతాయి. ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవిలో పొట్టి స్టెగోడాన్ ఏనుగుల శిలాజాలు దొరికాయి. 2003లో అక్కడే మీటరు పైచిలుకు ఎత్తున్న ప్రాచీన మానవజాతి ఎముకలు కూడా బయటపడ్డాయి. నేటికీ బతికున్న కొబ్బరి పీత నాలుగు కిలోల దాకా తూగుతుంది, కాళ్లు చాపితే మీటరు. శత్రువులు లేని చోట కొన్ని పక్షులు ఎగరడం మానేస్తాయి, మనిషిని చూసి బెదరవు. మాట్లాడే జంతువును సృష్టిస్తే ఈ అమాయకత్వాన్ని దాని గొంతులో వినిపించండి. అడవి జంతువు పాతబడిన ఉపదేశాలు చెప్పే గురువుగా మారితే విసుగు.

8. మాయకు ఒక నియమం, ఒక ఖరీదు, ఒక హద్దు

నియమం: నీడలమ్మను అడిగితే ఇస్తుంది. ఖరీదు: వరానికి ఒక జాన నీడ. హద్దు: నీడ పూర్తిగా పోయినవాళ్లు దీవి దాటలేరు. ఈ మూడూ మూడు వాక్యాల్లో చెప్పలేకపోతే మీ మాయ ఇంకా పచ్చిగా ఉన్నట్టు.

కొలత గట్టిగా ఉండాలి. నీడ పొద్దున పొడుగు, మధ్యాహ్నం పొట్టి కదా, ఎప్పుడు కొలవాలి? సూర్యుడు సగం ఎత్తులో, 45 డిగ్రీలలో, ఉన్నప్పుడు నీడ మనిషంత ఉంటుంది. ఈ దీవిలో ఆ రోజుల్లో అది ఉదయం తొమ్మిది ప్రాంతం. జాన 22 సెంటీమీటర్లు అనుకుంటే 150 సెంటీమీటర్ల అమూల్యకు ఆరున్నర జానల పైన, 140 ఉన్న రఫీకి ఆరు చిల్లర, 125 ఉన్న కిట్టుకు ఐదున్నర పైన. చిన్నవాడి దగ్గర అందరికంటే తక్కువ ఉంది, అందరికంటే ఎక్కువ అడిగేదీ వాడే. ఇంకేం కావాలి?

వరాల పద్దు ఒకటి రాసుకోండి: ఏ అధ్యాయం, ఎవరు అడిగారు, ఏం అడిగారు, ఎన్ని జానలు మిగిలాయి. నవల మొత్తానికి ఏడెనిమిది వరాలకు మించకూడదు. మొదటిది చిన్నది, నిరపాయమైనది, మంచినీళ్లలాంటిది. మూడో అధ్యాయంలో మాయ కనిపించాలి, ఐదో అధ్యాయంలో ఖరీదు తెలియాలి, తొమ్మిదిలో హద్దు. పదిహేనో అధ్యాయం తర్వాత కొత్త శక్తి ఒక్కటి కూడా ప్రవేశపెట్టొద్దు. చివర్లో ఎక్కడినుంచో గరుడపక్షి వచ్చి అందర్నీ మోసుకుపోతే పిల్లలు మోసపోయామనే అనుకుంటారు, అది సబబే.

మరి 'నీళ్లు ఇచ్చే మాయ ఉంటే పడవ అడగొచ్చుగా?' అని ప్రతి పిల్లవాడూ అడుగుతాడు. జవాబు కథలోనే ఉండాలి. నీడలమ్మ దీవిలో ఉన్నదే ఇవ్వగలదు, బయటిది తేలేదు. అడగకముందే కిట్టు చేత అడిగించి తేల్చేయండి.

9. పిల్లలు, పెద్దలు, దీవి మనుషులు

ముగ్గురు, మహా అయితే నలుగురు పిల్లలు. ఒక్కొక్కరికి ఒక నేర్పు, ఒక లోపం, ఒక దాచుకున్న విషయం. పెద్దవాళ్లను తప్పించడానికి చంపక్కర్లేదు. పడవ నడిపే మామయ్యకు కాలు విరిగి అవతలి తీరపు రాతి అంచున చిక్కుకుంటే చాలు: పిల్లలు ఆయన్ని చేరాలి, ఆయన మాత్రం కదలలేడు.

దీవిలో మనుషులుంటే జాగ్రత్త. ముఖాలకు రంగులు పూసుకుని ఈటెలతో అరిచే 'ఆటవికులు' పాత అలవాటు, చెడ్డ అలవాటు. దీవివాసులు సముద్రాన్ని చదవగలిగిన పండితులు. 1976లో మౌ పియైలుగ్ అనే మైక్రోనేషియా నావికుడు దిక్సూచి లేకుండా, నక్షత్రాలను, అలల తీరును చూసుకుంటూ హొకూలేఆ పడవను హవాయి నుంచి తహితికి నడిపించాడు. పొద్దున సముద్రం మీదకు, సాయంత్రం గూటికి వెళ్లే పక్షుల దారి చూసి నేల ఎటుందో చెప్పే విద్య అది. అలాంటి పాత్ర ఉంటే ఆ విద్య కథను నడిపించాలి, అలంకారంగా మిగలకూడదు. లేదంటే దీవిని నిర్జనంగానే ఉంచండి.

10. అధ్యాయాల పంపకం

ఎనిమిది రోజులు, 24 అధ్యాయాలు. సమానంగా పంచకండి. మొదటి రోజుకు ఐదు, చివరి రోజుకు ఐదు, నడుమ ఆరు రోజులకు పద్నాలుగు. ప్రతి అధ్యాయం పక్కన ఆటు వేళ, చంద్రుడు, తాగునీరు ఎంత, వరాల మిగులు రాసి గోడకు అంటించండి. పన్నెండో అధ్యాయం దగ్గర పిల్లలు గెలిచామనుకోవాలి, పదమూడులో ఆ గెలుపే ఉరి కావాలి: రఫీ చేసిన తెప్ప దిబ్బ సందు దాటబోతుంది, కానీ కిట్టు నీడ అయిపోయింది, తెప్ప మీద వాడు తేలడు. ప్రతి అధ్యాయం చివరా అరుపుతో ఆపనక్కర్లేదు. ఒక ప్రశ్న, ఒక నవ్వు, ఒక తప్పుడు నిర్ణయం కూడా పేజీ తిప్పిస్తాయి.

11. మాట

పుస్తకం పైకి చదువుతారు, కాబట్టి వాక్యం ఒక ఊపిరిలో అయిపోవాలి. సముద్రపు మాటలు మనకు పుష్కలంగా ఉన్నాయి: కెరటం, సుడి, తెప్ప, దోనె, లంగరు, చుక్కాని, తెరచాప, మడ, మొగలి పొద. కొత్త మాటను అర్థం వివరించకుండా పనిలో చూపండి. 'రఫీ చుక్కాని పిడిని ఎడమకు నెట్టాడు, పడవ ముక్కు కుడికి తిరిగింది' అంటే చాలు.

సంభాషణలో బంధుత్వం వినిపించాలి. కిట్టు 'అక్కా' అనే పిలుస్తాడు, కోపం వస్తేనే 'అమూల్యా' అంటాడు. ఆ ఒక్కసారి కోసం దాచి ఉంచండి. నీడలమ్మ గద్దించకూడదు. 'రా తల్లీ, ఎండన పడి వచ్చావు, కూర్చో' అంటేనే వెన్ను జలదరిస్తుంది.

పొడుపుకథ పెడితే అది న్యాయంగా ఉండాలి. జవాబు తెలిశాక 'అయ్యో, ముందే తెలియాల్సింది' అనిపించాలి. ఉదాహరణకు:

తెల్లవారితే తాటిచెట్టంత,
పొద్దు నెత్తికెక్కితే పిడికెడంత,
ఏడాదికి రెండు రోజులు మాత్రం
ఎంత వెతికినా లేనంత.

మొదటి రెండు పాదాలకే జవాబు 'నీడ' అని పిల్లలు చెప్పేస్తారు. అసలు కీలకం మూడో పాదంలో ఉంది, దాన్ని పాఠకులు దాటేస్తారు. సూచన దాచాల్సింది జవాబులో కాదు, జవాబు దొరికాక మనం పట్టించుకోని మాటలో. ఇదే సూచన గవ్వల వరసలో ఒకసారి, పాత ఓడ దినచర్య పుస్తకంలో ఒకసారి మళ్లీ కనిపించాలి. మూడుసార్లు చాలు.

12. దిద్దుబాటు

రోజుకు 400 పదాలు రాస్తే 72 రోజుల్లో చిత్తుప్రతి పూర్తవుతుంది. పదిహేను రోజులు ముట్టుకోకండి. తర్వాత నాలుగు విడతలు దిద్దాలి, ఒక్కో విడత ఒక్క సంగతే. మొదట పోటు, చంద్రుడు, నీడ వేళలు పట్టికతో సరిచూడండి. రెండోసారి వరాల పద్దు. మూడోసారి వస్తువులు: కత్తి ఎవరి దగ్గర ఉంది, తాడు ఎప్పుడు తెగింది, చెప్పులు ఏమయ్యాయి. దీవి కథలో వస్తువులు కొత్తగా రావు, కాబట్టి పోయిన కత్తి ఇరవయ్యో అధ్యాయంలో మళ్లీ నడుముకు కనిపిస్తే తప్పక దొరికిపోతారు. ఆఖరి విడత పైకి చదవడం, నాలుక తడబడిన ప్రతి వాక్యాన్నీ విరవడం.

ఆ తర్వాత మీ బంధువులు కాని నలుగురైదుగురు పిల్లలకు చదివి వినిపించండి. 'బాగుందా?' అని అడగొద్దు, బాగుందనే అంటారు. ఎక్కడ కదిలారో, ఎక్కడ అడ్డుపడి ప్రశ్న వేశారో అంచున గీత పెట్టుకోండి. ఒకే చోట ఇద్దరు కదిలితే ఆ పేరా పొడవు, ఒకే ప్రశ్న ఇద్దరు వేస్తే నియమం సరిగా చెప్పలేదు. భయపడి ఆపమన్న పిల్లల వయసు కూడా రాసుకోండి. ఎనిమిదేళ్లవాళ్లకు సొరంగంలో నీరు పెరిగే అధ్యాయం రాత్రిపూట బరువు కావచ్చు, దాని చివర పొడి గది దొరికినట్టు చూపి ఆపితే సరిపోతుంది.

బొమ్మలు వేసేవాళ్లకు రాతప్రతితో పాటు మీ గళ్ల పటం, రోజువారీ చంద్రుడి ఆకారం, ప్రతి పాత్రకూ ఆ అధ్యాయంలో మిగిలిన నీడ పొడవు ఇవ్వండి. ఇవ్వకపోతే మొదటి రాత్రి ముఖచిత్రం మీద నిండు పౌర్ణమి వెలుగుతుంది, నీడ పోయిన కిట్టు వెనక చక్కటి పొడవాటి నీడ పడుతుంది.